ఇత్తడి రేకుల నుంచి ఆవిరి ఇంజన్: నమూనాలో ఏది అసలు, ఏది సర్దుబాటు

లోహపు కిట్ కొని పెట్టె విప్పితే అందులో రైలింజన్ పోలికలున్న వస్తువేదీ కనిపించదు. రెండు మూడు పలచని ఇత్తడి రేకులు, వాటిలో సన్నని తోకలతో అతుక్కుని ఉన్న బోలెడన్ని ముక్కలు, ఒక సంచిలో పోత పోసిన పొగగొట్టం, డోమ్ (బాయిలర్ మీద గుండ్రంగా ఉబ్బిన భాగం), బఫర్లు, కొన్ని పేజీల సూచనలు. అంతే. చాలా కిట్లలో చక్రాలు, మోటారు, గేర్‌బాక్స్ కూడా ఉండవు, అవి విడిగా కొనుక్కోవాలి. ముక్కలు విరిచి జిగురుతో అంటిస్తే అయిపోయే పని కాదిది. ప్రతి ముక్కనూ వంచాలి, ఆకురాయి పట్టాలి, కొలిచి చూడాలి, వేడితో అతకాలి. అంతా అయ్యాక అది బీరువాలో బొమ్మలా కూర్చుంటే చాలదు. 12 వోల్టుల కరెంటు మీద, కుదుపు లేకుండా, చాలా నెమ్మదిగా కూడా నడవాలి.

ఇందులో కష్టమంతా ముక్కలు చిన్నవి కావడమేనని బయటి నుంచి చూసేవాళ్లు అనుకుంటారు. చిన్న ముక్కలకు కళ్లద్దాలు, మంచి వెలుతురు, ఓపిక సరిపోతాయి. అసలు చిక్కు వేరే ఉంది. ఇంజన్ పొడవును, వెడల్పును ఒకే నిష్పత్తిలో తగ్గించగలం కానీ, లోహం మందం, బరువు, రాపిడి, మన గదిలో పట్టాల మలుపులు ఆ నిష్పత్తిలో తగ్గవు. అందుకే ప్రతి దశలోనూ ఎక్కడ అసలుకు కట్టుబడాలి, ఎక్కడ సర్దుకోవాలి అని నిర్ణయించుకోవాల్సి వస్తుంది. సూచనల కాగితం ఏం చేయాలో చెబుతుంది కానీ, ఆ నిర్ణయాల వెనక కారణాలు చెప్పదు. ఈ వ్యాసం ఆ కారణాల గురించి.

ఈ విద్య బాగా పాతుకుపోయిన దేశం బ్రిటన్. కాబట్టి ఉదాహరణగా అక్కడి ఇంజన్‌నే తీసుకుంటాను: గ్రేట్ వెస్టర్న్ రైల్వే వారి 5700 తరగతి పానియర్ ట్యాంక్. 1929 నుంచి 1950 దాకా 863 ఇంజన్లు కట్టారు. బాయిలర్‌కు రెండు వైపులా వేలాడదీసినట్టుండే నీళ్ల ట్యాంకులు, ఆరు చక్రాలు, లోపలికి దాచిన సిలిండర్లు. మొదటి కిట్ కట్టేవాళ్లకు ఈ చివరి లక్షణం చాలా మేలు చేస్తుంది. బయట కదిలేవి చక్రాలను ఒకదానితో ఒకటి కలిపే కప్లింగ్ రాడ్లు మాత్రమే. అదే లండన్ మిడ్‌లాండ్ అండ్ స్కాటిష్ రైల్వే వారి బ్లాక్ ఫైవ్ అయితే పిస్టన్ రాడ్, కనెక్టింగ్ రాడ్, సిలిండర్లలోకి ఆవిరిని వదిలే వాల్షార్ట్స్ వాల్వ్ గేర్ అన్నీ బయటే ఉంటాయి, అన్నీ కదలాలి. మొదటి ప్రయత్నానికి బ్లాక్ ఫైవ్ ఎంచుకోవచ్చా అని ఎవరైనా నన్ను అడిగితే గట్టిగా వద్దనే చెబుతాను.

పట్టాల మధ్య ఎంత దూరం?

కిట్ కొనేముందే ఎదురయ్యే ముడి ఇది. బ్రిటన్‌లో ఎక్కువమంది వాడే కొలత ఒక అడుగుకు 4 మిల్లీమీటర్లు, అంటే అసలులో 76.2వ వంతు. అసలు పట్టాల మధ్య దూరం 4 అడుగుల 8½ అంగుళాలు. దాన్ని ఆ లెక్కన తగ్గిస్తే 18.83 మి.మీ. రావాలి. కానీ ఈ కొలత ఇంజన్ల కోసం దుకాణాల్లో దొరికే, ఓఓ అని పిలిచే పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ. మాత్రమే. అది అసలులో 4 అడుగుల 1½ అంగుళాలకు సమానం. ఇంజన్ ఒక కొలతలో, దాని కింద పట్టాలు ఇంకో కొలతలో ఉన్నాయన్నమాట.

దీనికి చరిత్ర కారణం. ఐరోపాలో మిగతా దేశాలు 87వ వంతు కొలతను, దానికి సరిపోయే 16.5 మి.మీ. పట్టాలను స్థిరపరుచుకున్నాయి. బ్రిటన్ సొరంగాలు, వంతెనలు ఇరుకైనవి కాబట్టి అక్కడి ఇంజన్లు కూడా సన్నగా ఉంటాయి. వాటిని 87వ వంతుకు తగ్గిస్తే ఆనాటి మోటార్లు లోపల పట్టలేదు. పట్టాలను అలాగే ఉంచి, ఇంజన్ బాడీని కాస్త పెద్దది చేశారు. అప్పటి సర్దుబాటు ఇప్పటికీ కొనసాగుతోంది.

ఇది నచ్చనివాళ్లు రెండు దారులు వేసుకున్నారు. ఈఎమ్ అనే పద్ధతిలో పట్టాల దూరం 18.2 మి.మీ., పీ4 లో కచ్చితంగా 18.83 మి.మీ. పీ4 లో చక్రం అంచు, దాని కింద దిగే ఫ్లాంజ్ కూడా అసలు కొలతకు దగ్గరగా ఉంటాయి. ఫ్లాంజ్ లోతు 0.4 మి.మీ. లోపే. అంత చిన్న ఫ్లాంజ్ పట్టాల మీద నిలవాలంటే పట్టాలు ఎంత చక్కగా వేసినా చాలదు, ఇంజన్ ఇరుసులు కూడా పైకీ కిందికీ కదలాలి. ఒక్క కొలత సరిదిద్దుకుంటే దాని వెంట ఇంకో నాలుగు పనులు వచ్చిపడతాయి. అందుకే మంచి కిట్లలో మూడు పద్ధతులకూ సరిపడేలా మూడు రకాల వెడల్పుల్లో స్పేసర్లు ఇస్తారు. ఛాసిస్ (చక్రాలను మోసే అడుగు చట్రం) రెండు పక్క ఫ్రేముల మధ్య నిలబెట్టే అడ్డ ముక్కలే ఈ స్పేసర్లు.

మలుపుల సంగతి కూడా ఇక్కడే తేలాలి. యార్డులో పెట్టెలను అటూ ఇటూ జరిపే మామూలు షంటింగ్ ఇంజన్ తిరిగే మలుపు వ్యాసార్థం 100 మీటర్లు అనుకుందాం. 76.2వ వంతుకు తగ్గిస్తే 1.3 మీటర్లు. ఇళ్లలో వాడే రెడీమేడ్ ఓఓ మలుపు వ్యాసార్థం 44 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. అసలు ఇంజన్‌ను ఎప్పుడూ తిప్పనంత ఇరుకు మలుపులో దీన్ని తిప్పుతున్నాం. మధ్య ఇరుసుకు పక్కలకు జరిగే ఖాళీ ఇవ్వక తప్పదు. ఆ ఖాళీ కోసం ఫ్రేములను దగ్గరకు తేవాలి. ఎదురుగా చూస్తే ఓఓ ఇంజన్ కాళ్లు దగ్గరగా పెట్టుకుని నిలబడ్డట్టు ఎందుకుంటుందో ఇప్పుడు అర్థమవుతుంది.

రేకు మీద ఆమ్లం చేసే పని

ఈ ముక్కలను యంత్రంతో కోయరు. రేకుకు రెండు వైపులా కాంతికి స్పందించే పూత పూసి, బొమ్మ గీసిన ఫిల్మ్ గుండా వెలుతురు పడనిస్తారు. తర్వాత పూత మిగలని చోట ఫెర్రిక్ క్లోరైడ్ లాంటి రసాయనం లోహాన్ని తినేస్తుంది. రెండు వైపుల నుంచీ తింటే ఆ చోట రేకు తెగిపోతుంది. ఒక వైపు నుంచే తింటే సగం మందం మిగులుతుంది. కిట్ గీసినవాళ్ల నేర్పంతా ఈ సగం మందంలోనే ఉంది. వంచాల్సిన చోట సగం మందపు గీత, రివెట్ రావాల్సిన చోట వెనక వైపు సగం మందపు చుక్క. ఆ చుక్కను వెనక నుంచి పదునైన మొనతో నొక్కితే ముందు వైపు రివెట్ తల ఉబ్బి వస్తుంది.

రసాయనం రెండు వైపుల నుంచీ తినడం వల్ల ముక్క అంచు మధ్యలో కత్తి మొనలాంటి గట్టు మిగులుతుంది. కొత్తవాళ్లు దాన్ని గమనించరు. రెండు ముక్కలు అంచు అంచు కలిపినప్పుడు సన్నని సందు ఎందుకు వస్తోందో తెలియక సోల్డర్ (ముక్కలను అతికేందుకు కరిగించే లోహం) పోసి నింపుతారు. ప్రతి అంచునూ ఆకురాయితో రెండు మూడు సార్లు తోమి, గట్టు తీసేశాకే ముక్కను వాడాలి. విసుగు పుట్టించే పనే, కానీ తుది రూపంలో సగం అందం ఇక్కడి నుంచే వస్తుంది.

బాడీకి ఇత్తడి, ఛాసిస్‌కు నికెల్ సిల్వర్ వాడటం మంచి కిట్లలో కనిపిస్తుంది. రాగి, నికెల్, జింకు కలిసిన ఈ లోహం ఇత్తడికంటే బిరుసు, వేడిని కూడా తక్కువగా పాకనిస్తుంది. కాబట్టి ఒక చోట సోల్డర్ చేస్తుంటే పక్కనున్న అతుకు అంత తేలిగ్గా ఊడిపోదు.

మందంలో మళ్లీ సర్దుబాటు తప్పదు. అసలు ఇంజన్ క్యాబ్‌కు 6 మి.మీ. రేకు వాడారనుకుంటే నమూనాలో అది 0.08 మి.మీ. ఉండాలి. అంత పలచని రేకు చేతిలో నలిగిపోతుంది. కిట్లలో 0.3 నుంచి 0.45 మి.మీ. రేకు వాడతారు. అందుకని కంటికి కనిపించే అంచులను మాత్రం, క్యాబ్ కిటికీ చుట్టూ, పైకప్పు చివర, లోపలి వైపు ఏటవాలుగా అరగదీస్తారు. చూసే కన్ను అంచును బట్టే మందాన్ని అంచనా వేస్తుంది కాబట్టి ఆ చిన్న పని మొత్తం బాడీని పలచగా చూపిస్తుంది.

వేడి దిగే మెట్లు

సోల్డరింగ్ అంటే చాలామందికి టెన్షన్. ముందు చేసిన అతుకు తర్వాతి అతుకు చేసేటప్పుడు ఊడిపోతుందని భయం. ఆ భయానికి జవాబు వేర్వేరు వేడిల దగ్గర కరిగే సోల్డర్లలో ఉంది. ఎక్కువ బలం కావాల్సిన మొదటి అతుకులకు 188 డిగ్రీల దగ్గర కరిగేది వాడతారు. వాటి మీద పెట్టే చిన్న వివరాలకు 145 డిగ్రీలది. చివరగా వైట్ మెటల్ పోత ముక్కలకు 70 డిగ్రీలది. ప్రతి మెట్టులోనూ వేడి తగ్గుతూ పోతుంది కాబట్టి కింది అతుకులు కదలవు.

వైట్ మెటల్ విషయం కాస్త వివరంగా చెప్పాలి. ఇది తేలిగ్గా కరిగే మిశ్రమ లోహం. మామూలు వేడిలో ఉన్న సోల్డరింగ్ ఐరన్ తగిలితే పొగగొట్టం క్షణంలో ముద్దయిపోతుంది. అందుకే వేడి తగ్గించగల ఐరన్, 70 డిగ్రీల సోల్డర్ వాడాలి. కానీ ఆ సోల్డర్ ఇత్తడిని సరిగ్గా పట్టుకోదు. ఇత్తడి మీద ముందు 145 డిగ్రీల సోల్డర్‌తో పలచగా కళాయి పూసి, ఆ కళాయి మీద 70 డిగ్రీలది కరిగించాలి. సూచనల్లో ఒక్క వాక్యంగా ఉండే ఈ మాట తెలియక చాలామంది ఎపాక్సీ జిగురుకు మళ్లుతుంటారు. ఎపాక్సీ తప్పేమీ కాదు, పోత ముక్కలకు బాగానే పనిచేస్తుంది. అయితే సోల్డర్ చేసిన ముక్క వంకరగా వస్తే మళ్లీ వేడి చేసి సరిచేసుకోవచ్చు.

ఐరన్ శక్తి గురించి కూడా జనంలో ఉన్న అభిప్రాయం తలకిందులుగా ఉంటుంది. చిన్న ఐరన్ అయితే ప్రమాదం తక్కువ అనుకుంటారు. ఇత్తడి రేకు వేడిని వెంటనే నలుదిక్కులా లాగేసుకుంటుంది. 25 వాట్ల ఐరన్‌తో అతుకు కరిగేదాకా పట్టుకుని ఉంటే ఆ లోపు మొత్తం రేకు వేడెక్కి వంకర పోతుంది, పక్క అతుకులూ ఊడతాయి. 50 వాట్లో అంతకు మించో ఉన్నదాన్ని రెండు క్షణాలు పెట్టి తీసేస్తే వేడి అతుకు దగ్గరే ఆగిపోతుంది.

సోల్డర్ బాగా పట్టేలా లోహాన్ని శుభ్రం చేసే ఫ్లక్స్‌గా పలచని ఫాస్ఫారిక్ ఆమ్లం వాడతారు. పని ముగిసిన రోజే కడిగేయాలి. మర్నాటికి వదిలేస్తే ఇత్తడి మీద పచ్చటి చిలుము పడుతుంది, బల్ల మీద ఉన్న ఉక్కు పనిముట్లు కూడా తుప్పు పడతాయి. 145, 70 డిగ్రీల సోల్డర్లలో సీసం, చాలా రకాల్లో కాడ్మియం కూడా ఉంటాయి. కిటికీ తెరిచి పెట్టుకోవడం, పని తర్వాత చేతులు కడుక్కోవడం ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదు.

ఛాసిస్: అసలు పరీక్ష

బాడీలో అర మిల్లీమీటరు తేడా వస్తే రంగు కింద దాచుకోవచ్చు. ఛాసిస్‌లో మిల్లీమీటరులో పదో వంతు తేడా వచ్చినా ఇంజన్ కుంటుతుంది. అందుకని నేను ఎప్పుడూ ఛాసిస్ ముందు కట్టమంటాను. అది నడిచాకే బాడీ ముట్టుకోవాలి.

5700 తరగతిలో ముందు ఇరుసుకూ మధ్య ఇరుసుకూ 7 అడుగుల 3 అంగుళాలు, మధ్యదానికీ వెనకదానికీ 8 అడుగుల 3 అంగుళాలు. 4 మి.మీ. కొలతలో అవి సరిగ్గా 29, 33 మి.మీ. ఈ దూరాలు రెండు చోట్ల ఉంటాయి: ఫ్రేముల్లో ఇరుసు రంధ్రాల మధ్య, కప్లింగ్ రాడ్లలో పిన్ను రంధ్రాల మధ్య. ఈ రెండూ ఒకదానికొకటి సమానంగా ఉండాలి. 29కి బదులు రెండూ 29.1 ఉన్నా ఇంజన్ హాయిగా నడుస్తుంది. ఒకటి 29, ఇంకోటి 29.1 అయితే ప్రతి చుట్టులోనూ ఒక చోట బిగుస్తుంది. అంటే ఇక్కడ డ్రాయింగ్‌తో సరిపోవడం కన్నా ముక్కలు తమలో తాము సరిపోవడం ముఖ్యం. అనుభవమున్నవాళ్లు డ్రాయింగ్ చూసి బేరింగులు బిగించరు. ముందు రాడ్లు తయారు చేసి, కొన సన్నగా చెక్కిన పొడవాటి ఇరుసులకు వాటిని తొడిగి, రాడ్లు చెప్పిన దూరంలోనే బేరింగులను ఫ్రేములకు సోల్డర్ చేస్తారు.

ఇక క్వార్టరింగ్, అంటే రెండు వైపులా చక్రాలకు రాడ్లు తగిలించే క్రాంక్‌ల మధ్య కోణం కుదర్చడం. దీని గురించి ఉన్నంత గందరగోళం మరి దేని గురించీ ఉండదు. అసలు ఇంజన్‌లో ఎడమ వైపు క్రాంక్‌కూ కుడి వైపు క్రాంక్‌కూ మధ్య 90 డిగ్రీల తేడా ఉంటుంది. పిస్టన్ తన దారి చివరికి చేరినప్పుడు చక్రాన్ని తిప్పే బలం దానికి ఉండదు. ఒక వైపు పిస్టన్ ఆ స్థితిలో ఉన్నప్పుడు రెండోది పూర్తి బలంతో ఉండాలి. లేకపోతే ఆగిన ఇంజన్ మళ్లీ కదలకపోవచ్చు. నమూనాలో పిస్టన్లు పని చేయవు, మోటారు ఒక ఇరుసును తిప్పుతుంది, మిగతా రెండూ రాడ్ల ద్వారా తిరుగుతాయి. ఇక్కడ కూడా అదే అవసరం. ఒక వైపు రాడ్ చక్రాన్ని నెట్టలేని స్థితికి వచ్చినప్పుడు రెండో వైపు రాడ్ ఆ పని చేయాలి.

అయితే 90 డిగ్రీలు కచ్చితంగా రావాలని టెన్షన్ పడనక్కర్లేదు. మూడు ఇరుసుల మీదా 88 డిగ్రీలు ఉంటే ఇంజన్ ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తుంది. రెండు ఇరుసుల మీద 90, మూడోదాని మీద 87 ఉంటే బిగుసుకుపోతుంది. కొలమానం పట్టుకుని తంటాలు పడేవాళ్లకు ఈ ఒక్క ముక్క చెబితే సగం బాధ తీరుతుంది. రామ్‌ఫర్డ్ రకం చక్రాల్లో ఇరుసు కొన చదరంగా ఉంటుంది కాబట్టి కోణం దానంతటదే కుదురుతుంది. మొదటి ఇంజన్‌కు అవే మేలు. గిబ్సన్ చక్రాలు చూడటానికి ఇంకా బాగుంటాయి కానీ, వాటిని ఇరుసు మీదకు నొక్కి ఎక్కించాలి, కోణం మనమే కుదర్చాలి.

ఇంజన్ బిగుస్తుంటే కారణం పట్టుకోవడానికి ఒక పద్ధతి ఉంది. మోటారు పెట్టకముందే, ఒక జత ఇరుసులకు మాత్రం రెండు వైపులా రాడ్లు తొడిగి చేత్తో తోయాలి. అది సాఫీగా తిరిగాక రెండో జతకు తొడగాలి. మూడింటికీ ఒకేసారి తొడిగి, బిగుస్తోంది కదా అని రాడ్ల రంధ్రాలన్నీ పెద్దవి చేసేస్తే ఏ ఇరుసు తప్పో ఎప్పటికీ తేలదు.

ఇరుసులు కదలాలా వద్దా అనేది ఇంకో ప్రశ్న. ఫ్రేములో గట్టిగా బిగించిన మూడు ఇరుసులుంటే, పట్టాల్లో చిన్న ఎత్తుపల్లం వచ్చినా ఒకటి రెండు చక్రాలు గాల్లో ఉంటాయి. చక్రాల నుంచే కరెంటు తీసుకుంటాం కాబట్టి గాల్లో ఉన్న చక్రం పనికిరాదు, ఇంజన్ తడబడుతుంది. ముక్కాలిపీట ఎంత గతుకుల నేల మీదైనా ఊగదు. కాంపెన్సేషన్ అనే ఏర్పాటు దాన్నే ఆధారం చేసుకుంది. ఒక ఇరుసును స్థిరంగా ఉంచి, మిగతా రెండింటినీ తక్కెడ దూలంలా ఊగే కడ్డీల మీద మోపుతారు. అప్పుడు ఆరు చక్రాలూ ఎప్పుడూ పట్టాలను తాకుతూనే ఉంటాయి. ఇలా చేస్తే కప్లింగ్ రాడ్ ఒకే ముక్కగా ఉండకూడదు, మధ్యలో కీలు ఉండాలి. అసలు ఇంజన్లలోనూ ఆ కీలు ఉంది. ఇది అందం కోసం పెట్టే వివరం కాదు, పని చేయడానికి కావాల్సిందే. పీ4 లో ఈ ఏర్పాటు తప్పనిసరి, ఓఓ లో లేకపోయినా గడుస్తుంది. నా మటుకు నేను ఓఓ లో కూడా చేయమనే అంటాను. నెమ్మదిగా పాకే ఇంజన్‌ను చూసిన ఆనందం వేగంగా పరుగెత్తే ఇంజన్ ఇవ్వదు.

గేర్ లెక్క

చాలామంది అందుబాటులో ఉన్న గేర్‌బాక్స్ కొనేసి తర్వాత ఇంజన్ రాకెట్‌లా పోతోందని బాధపడతారు. లెక్క చాలా సులువు. 5700 చక్రం వ్యాసం 4 అడుగుల 7½ అంగుళాలు, అంటే నమూనాలో 18.5 మి.మీ. చుట్టుకొలత 58 మి.మీ. గంటకు 64 కిలోమీటర్ల వేగాన్ని 76.2తో భాగిస్తే సెకనుకు 233 మి.మీ. వస్తుంది. అంటే చక్రం సెకనుకు నాలుగు సార్లు, నిమిషానికి 240 సార్లు తిరగాలి. మోటారు 12 వోల్టుల దగ్గర నిమిషానికి సుమారు 14,400 చుట్లు తిరుగుతుందనుకుంటే 60:1 గేర్ కావాలి. షంటింగ్ ఇంజన్‌కు అంతకంటే వేగం అక్కర్లేదు. 30:1 పెడితే వేగం రెట్టింపై, అసలు ఇంజన్ కలలో కూడా పోని వేగం వస్తుంది. అంతకన్నా ముఖ్యంగా, నెమ్మదిగా కదిలే అదుపు పోతుంది.

బరువు

అన్నింటికంటే ఆశ్చర్యం కలిగించే లెక్క ఇదే. అసలు 5700 బరువు 47½ బ్రిటిష్ టన్నులు, అంటే 48,000 కిలోలకు పైనే. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ 76.2 రెట్లు తగ్గుతాయి కాబట్టి బరువు 76.2ను మూడుసార్లు గుణించినన్ని రెట్లు, అంటే 4,42,000 రెట్లకు పైగా తగ్గాలి. మిగిలేది 109 గ్రాములు. అంత తేలికైన ఇంజన్‌కు పట్టాల మీద పట్టు దొరకదు, కరెంటు కూడా సరిగ్గా అందదు. ఇక్కడ అసలుకు కట్టుబడితే పని చెడుతుంది. ట్యాంకుల్లో, బాయిలర్‌లో సీసం నింపి 200 గ్రాములు దాటిస్తారు. బరువు ముందుకో వెనక్కో ఒరగకుండా మధ్య ఇరుసు దగ్గర కుదిరేలా చూసుకోవాలి.

సీసం గుళ్లను తెల్ల వడ్రంగి జిగురుతో, అంటే పీవీఏతో మాత్రం నింపకూడదు. ఆ జిగురు నుంచి వచ్చే ఆమ్లం సీసంతో కలిసి ఏళ్ల తరబడి నెమ్మదిగా తెల్లటి పొడిని పుట్టిస్తుంది. ఆ పొడికి సీసం కంటే ఎక్కువ చోటు కావాలి. దాంతో ట్యాంకులు ఉబ్బి, అతుకులు విడిపోతాయి. రంగు వేసి, గీతలు దిద్ది, ఎంతో ముద్దుగా చూసుకున్న ఇంజన్లు ఇలా లోపలి నుంచి పగిలిపోయాయి. ఎపాక్సీ వాడితే ఆ గొడవ ఉండదు.

ఏ నంబరు ఇంజన్?

863 ఇంజన్లూ ఒకేలా ఉండేవని అనుకోకూడదు. 1933 నుంచి వచ్చినవాటికి క్యాబ్ పెద్దది, కిటికీల ఆకారం వేరు. 9700 వరుస ఇంజన్లకు లండన్ భూగర్భ మార్గాల కోసం ఆవిరిని తిరిగి ట్యాంకుల్లోకి పంపే గొట్టాలున్నాయి. పైగా గ్రేట్ వెస్టర్న్ వారి స్విండన్ కార్ఖానాలో మరమ్మతుకు వచ్చినప్పుడు ఒక ఇంజన్ బాయిలర్ తీసి ఇంకోదానికి బిగించేవాళ్లు. దాంతో బాయిలర్ మీద నీళ్లు పంపే టాప్ ఫీడ్ ఒక ఏడాది ఫొటోలో ఉండి ఇంకో ఏడాది ఫొటోలో కనిపించకపోవచ్చు. 1956 నుంచి 1963 మధ్య లండన్ ట్రాన్స్‌పోర్ట్ 13 ఇంజన్లు కొని ఎర్రటి మెరూన్ రంగు వేసింది, చివరివి 1971 దాకా నడిచాయి. కాబట్టి ముందుగా ఒక నంబరు, ఒక సంవత్సరం ఎంచుకుని, ఆ తేదీ ఉన్న ఫొటో సంపాదించి, తర్వాతే పొగగొట్టం ఏదో, డోమ్ ఏదో నిర్ణయించుకోవాలి.

రంగు గురించి క్లుప్తంగా చెబుతాను. బాగా కడిగి, లోహాన్ని పట్టుకునే ఎచ్ ప్రైమర్ వేసి, ఎయిర్‌బ్రష్‌తో పలచని పొరలు వేయాలి. ఇత్తడి మీద నేరుగా వేసిన రంగు గోటితో గీకితే లేచిపోతుంది.

మన బ్రాడ్‌గేజ్ అయితే?

ఇదంతా చదివాక, స్టేషన్ల ముందు దిమ్మెల మీద నిలబెట్టిన మన పాత ఇంజన్లను కట్టాలని కొందరికైనా అనిపిస్తుంది. మన బ్రాడ్‌గేజ్ 5 అడుగుల 6 అంగుళాలు. 16.5 మి.మీ. రెడీమేడ్ పట్టాల మీదే 87వ వంతు బాడీ పెట్టి నడిపించడం తేలిక దారి. ఆ కొలతలో నిజానికి 19.3 మి.మీ. కావాలి, కాబట్టి ఓఓ లో ఉన్న లోపమే ఇంకాస్త ఎక్కువగా ఇందులో ఉంటుంది. సరిగ్గా చేయాలంటే అడుగుకు 4 మి.మీ. లెక్కన 22 మి.మీ. పట్టాలు వేసుకోవాలి. అవి అంగడిలో దొరకవు, స్లీపర్లు పేర్చి చేత్తో వేసుకోవాల్సిందే.

1947 నుంచి మన దేశంలో నడిచిన డబ్ల్యూపీ తరగతి ప్రయాణికుల ఇంజన్‌ను తీసుకుంటే, దాని పెద్ద చక్రం 5 అడుగుల 7 అంగుళాలు, నమూనాలో 22.3 మి.మీ. బ్రిటిష్ ఇంజన్ల కోసం చేసిన చక్రాల్లో అంత వ్యాసానికి దగ్గరగా ఉన్నవి దొరుకుతాయి, ఇరుసు మాత్రం పొడవుగా చేయించుకోవాలి. ఫ్రేములు, రాడ్లు, క్యాబ్ బొమ్మలు కంప్యూటర్‌లో గీసుకుని ఎచింగ్ (రసాయనంతో రేకును తినిపించే పని) చేసేవాళ్లకు ఇస్తే రేకు తయారై వస్తుంది. సగం మందపు గీతలు, రివెట్ చుక్కలు అన్నీ మన చేతిలోనే ఉంటాయి. ఈ పనిలో ఒక సుఖం కూడా ఉంది. ఓఓ కట్టేవాళ్లు సన్నని ఫ్రేముల మధ్య మోటారు ఇరికించడానికి నానా పాట్లు పడతారు. 22 మి.మీ. పట్టాల మీద చక్రాల లోపలి వైపుల మధ్యే 20 మి.మీ. దాకా ఖాళీ ఉంటుంది. మోటారు, గేర్‌బాక్స్, కాంపెన్సేషన్ దూలాలు అన్నీ అందులో పట్టి, ఇరుసు పక్కలకు జరగడానికి కూడా చోటు మిగులుతుంది.